మనవాళ్లను పంపొద్దు

మా అక్క కూతురు రాజమండ్రిలో అంబులెన్సు ఉద్యోగంలో చేరబోతూ ఫోన్ చేసింది. "పిన్నీ, నువ్వు అంత కాలం దక్షిణాఫ్రికాలో అదే పని చేశావు కదా, ఏం చదువుకుని వెళ్లమంటావు?" అని అడిగింది. చదవాల్సినవి వాళ్లే ఇస్తారు, పరీక్షా వాళ్లే పెడతారు అన్నాను. ఆగిన గుండెను ఎలా నొక్కాలో, విరిగిన కాలికి చెక్క ఎలా కట్టాలో కాస్త చురుకైన వాళ్లెవరికైనా తొందరగానే పట్టుబడుతుంది. రోగిని ముట్టుకునే ముందు అడగడం, విన్నది కడుపులో పెట్టుకోవడం, ఈ రెండూ అలా రావు. ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. నాకు సుద్దులు చెప్పడం చేతకాదు. జరిగింది చెబుతాను, నచ్చింది ఏరుకోండి.

ఆ ఉద్యోగంలోకి ఎలా వచ్చానంటే

మా ఆయన లెక్కల మాస్టారు. దక్షిణాఫ్రికాలో ప్రభుత్వం మారిన కొత్తలో అక్కడి బళ్లలో లెక్కలు చెప్పేవాళ్లు కావాలంటే డర్బన్ దగ్గరికి వెళ్లాం. నేను కాకినాడలో నర్సుని. అక్కడ నర్సుగా చేరాలంటే ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి. ఈలోపు ఖాళీగా ఎందుకని అంబులెన్సు కోర్సులో చేరాను. నాలుగు రోజుల ముచ్చట అనుకున్నాను. రిటైరయ్యేదాకా వదల్లేదు. మధ్యలో వచ్చిన ప్రమోషన్లు, రాని ప్రమోషన్లు ఇక్కడ రాయను. ఎవరికీ పనికిరావు.

మా స్టేషను పెద్ద అప్పలసామి గారు. ఆయన ముత్తాతలు విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఆయన మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో చక్కెర మిల్లు కూలీల ఇళ్ల వరసలో పుట్టారు. మాట్లాడేదంతా ఇంగ్లీషే. మిగిలిన తెలుగు మూడు పనులకు వాడేవారు: దేవుడికి దండం పెట్టుకోవడానికి, అన్నం అడగడానికి, మమ్మల్ని తిట్టడానికి. ఇంగ్లీషులో అన్నవి కూడా ఇక్కడ ఆయన తెలుగు యాసలోనే రాస్తున్నాను. నన్ను "ఇండియా పిల్లా" అని పిలిచేవారు. నాకప్పటికే ఇద్దరు పిల్లలు.

ఆయన ఉద్యోగంలో చేరిన కాలంలో తెల్లవాళ్లకో బండి, ఇండియన్లకో బండి, నల్లవాళ్లకో బండి. ఒకసారి రోడ్డు పక్కన నల్లవాడైన ఓ జూలూ మనిషి రక్తం కారుతూ పడి ఉంటే ఈయన బండి ఆగిందట. ఎక్కించుకోవడానికి వీల్లేదు, అది వాళ్ల బండి కాదు. "మరేం చేశారు?" అని అడిగాను. "నిలబడినాను" అన్నారు. కొత్త ప్రభుత్వం వచ్చాక ఏ బండయినా ఎవరినైనా ఎక్కించుకోవాలి అన్నప్పుడు మా స్టేషన్లో అందరికంటే సంతోషించింది ఆయనే.

అయినా ఆయనకు ఓ పట్టుదల ఉండేది. తెలుగిళ్ల నుంచి ఫోన్ వస్తే నన్ను పంపేవారు. తమిళం ఇళ్లకు తమిళం తెలిసినవాళ్లని, జూలూ ఇళ్లకు జూలూ వాళ్లని. "జొరంలో మడిసికి అమ్మ బాసే నోట్లోకొత్తాది. మనోళ్లింటికి మనోళ్లెల్లాల" అనేవారు. నాకూ సబబుగానే అనిపించింది. నిజం చెప్పొద్దూ, గర్వంగా కూడా ఉండేది. ముసలమ్మలు నన్ను చూడగానే గడ్డం పట్టుకుని "మన తెలుగు పిల్ల" అనేవాళ్లు. ఊరుగాని ఊళ్లో అంతకంటే ఏం కావాలి?

"వద్దు" అన్నప్పుడు

చేరిన కొత్తలో ఒట్టావా అని డర్బన్ పక్కనే ఉన్న ఊళ్లో ఓ తాతగారికి గుండెనొప్పి అని వెళ్లాం. ఆ రోజు అప్పలసామి గారే నాతో వచ్చారు. ఇల్లంతా జనం. కొడుకులు, కోడళ్లు, పక్కింటివాళ్లు. తాతగారు కుర్చీలో కూర్చుని రెండు చేతులతో దుప్పటి ఒళ్లో బిగించి పట్టుకుని "వద్దు, నేను రాను" అంటున్నారు. పెద్దకొడుకు "ఆయన మాటకేం గాని, ఎత్తండి, నేను చెబుతున్నాగా" అన్నాడు. నేను కాకినాడలో చూసిన పద్ధతీ అదే. పెద్దకొడుకు సరే అంటే సరే. ఎత్తడానికి వంగాను కూడా.

అప్పలసామి గారు నా భుజం పట్టి వెనక్కి లాగారు. ఆయన తాతగారి ముందు గొంతుక్కూర్చుని "తాతా, నిన్ను ముట్టుకోనా?" అని అడిగారు. కొడుకు మొహం మాడిపోయింది. తాతగారు కోడళ్లకేసి చూసి దుప్పటి ఇంకా బిగించారు. అప్పలసామి గారు లేచి ఆడవాళ్లనీ మగవాళ్లనీ అందరినీ వరండాలోకి తోలేశారు. అప్పుడు తాతగారు దుప్పటి వదిలారు. నొప్పిలో ప్యాంటు తడిసిపోయింది. కోడళ్ల ముందు అలా లేచి నిలబడటం కంటే చావడం నయమనుకున్నారాయన. ప్యాంటు మార్చాం. తర్వాత ఆయనే "పదండి" అన్నారు. ఇంత చిన్న సంగతికి మనిషి పోయేవాడే.

కొత్తగా చేరేవాళ్లకు చెప్పేదిదే. అక్కడ కొత్త రాజ్యాంగం వచ్చి, ఎవరి ఒళ్లు వాళ్లది, ఎవరి రహస్యం వాళ్లది అని రాసింది. స్పృహ తప్పినవాడిని అడగక్కర్లేదు, బతికించడమే. మతి స్థిమితంగా ఉన్న పెద్దవాళ్లు వద్దంటే మాత్రం వద్దే. అయితే "వద్దు" అనగానే చేతులు దులుపుకుని వచ్చేయడం కూడా తప్పే. ఎందుకు వద్దో అడగాలి, రాకపోతే ఏమవుతుందో అర్థమయ్యేలా చెప్పాలి. మనవాళ్ల ఇళ్లలో రోగిని చివర అడుగుతారు. కొన్నిచోట్ల అసలు అడగరు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. ఆ ప్రేమలో మనిషి గొంతు వినబడదు, అదీ గొడవ.

నోరు ఒక్కటే కాదు

ఆ ప్రాంతంలో హెచ్ఐవి విపరీతంగా ఉన్న రోజులు. పేరు బయటపడితే ఇంట్లోంచి గెంటేసేవాళ్లు, కొట్టేవాళ్లు కూడా. మా కుర్రాళ్లు అలాంటి రోగి అని తెలిస్తే గ్లౌజుల మీద గ్లౌజులు వేసుకునేవాళ్లు. ఒక్కళ్లూ నోరు విప్పేవాళ్లు కాదు, అయినా వీధంతా తెలిసిపోయేది. కిటికీల్లోంచి చూసే ఆడవాళ్లు మా చేతులు లెక్కపెట్టేవాళ్లు. అప్పలసామి గారికి ఈ సంగతి తెలిసి అందరినీ వరసగా నిలబెట్టి తిట్టారు. ఎవరికైనా ఒకటే జాగ్రత్త, రోగిని బట్టి మార్చేది లేదు అన్నారు. పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు. మా దగ్గర పెదవి దాకా కూడా రానక్కర్లేకపోయింది.

ఆమె

ఇప్పుడు చెప్పబోయే ఆమె పేరు రాయను, మార్చీ రాయను. ఊరు కూడా చెప్పను. రాయొచ్చా అని ఫోన్ చేసి అడిగాను. "మా అత్త ఏమందో ఉన్నదున్నట్టు రాస్తే రాయండి" అంది. ఆ షరతు మీదే రాస్తున్నాను.

మధ్యాహ్నం వేళ ఫోన్ వచ్చింది. తెలుగిల్లు, కోడలికి ఊపిరాడటం లేదు. నన్నూ ముసానీ పంపారు. ముసా జూలూ మనిషి, మెల్లగా మాట్లాడతాడు, నన్ను "సిసి" అంటాడు, వాళ్ల భాషలో అక్క అని. తలుపు తీసింది అత్తగారు. నేను "పెద్దమ్మా, నమస్కారం" అన్నానో లేదో ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఓలమ్మ, ఇండియా పిల్లవా! మనోళ్లే. యావూరు నీది? ఇంటిపేరేటి?" అంటూ నా చెయ్యి పట్టుకునే లోపలికి నడిపించింది.

కోడలు వెనక గదిలో మంచం మీద కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. పెదవులు నీలం తిరిగాయి, ఒళ్లు కాలిపోతోంది. ముసా ఆక్సిజన్ పెట్టాడు. ముసాకీ తెలియాలని నేను ఇంగ్లీషులో ఎప్పటినుంచి అని అడిగాను. అత్తగారు చెప్పింది. ఏమైనా మందులు వాడుతున్నావా అన్నాను. "ఏటీ వాడదు" అని అత్తగారే చెప్పింది. ఏం అడిగినా ఆవిడే. కోడలు నాకేసి ఒక్కసారి చూసి గోడవైపు తిరిగిపోయింది.

"మా పెద్దపిల్ల పెద్దాసుపత్రిలో కౌంటర్ కాడ పని సేత్తాది. ఫోన్ సేసినాను. గుమ్మం కాడే నిలబడతానంది" అంది అత్తగారు. పెద్దాసుపత్రి దగ్గర్లోనే ఉంది. అంతా కలిసొచ్చిందనుకున్నాను.

"పదమ్మా, వెళ్దాం" అన్నాను.

"నేను రాను" అంది కోడలు.

ఎందుకమ్మా అన్నాను. బుజ్జగించాను. ఇలాగే ఉంటే ప్రాణానికే ముప్పని ఉన్నమాట చెప్పాను. నేను దగ్గరికి జరిగినకొద్దీ ఆమె దూరం జరుగుతోంది. మంచం ఎంతని ఉంటుంది?

ముసా నా పక్కకొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "సిసి, నువ్వు అత్తగారిని తీసుకుని వంటింట్లోకి వెళ్లు. ఈమె నిన్ను చూసి భయపడుతోంది."

నాకు ఒళ్లు మండింది. నన్ను చూసి భయమా? మా ఇద్దరిలో వాళ్ల భాష తెలిసింది నాకొక్కదానికే. అయినా రోగి ముందు గొడవ పడకూడదని వెళ్లాను. వంటింట్లో అత్తగారు నీళ్లు పొయ్యి మీద పెట్టి నా పుట్టుపూర్వోత్తరాలు లాగడం మొదలుపెట్టింది. ఏ గుడికి వెళ్తావు, ఎవరెవరు తెలుసు, వచ్చే ఆదివారం భోజనానికి రా. అప్పుడు నా బుర్రకెక్కింది. ఈవిడకు తెలిసినవాళ్లందరూ రేపోమాపో నాకూ తెలుస్తారు. పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చుంటాం. ఈ ఇంట్లో ఎవరికైనా దాచుకునేది ఉంటే నా కంటే ప్రమాదం ఇంకెవరు?

గది తలుపు తీసుకుని ముసా వచ్చాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"వస్తానంది. కానీ ఇక్కడి ఆసుపత్రికి కాదు, ఊరి అవతలి దానికి. ఇంట్లోవాళ్లెవరూ బండెక్కకూడదు."

"ఆ దూరం తట్టుకోలేదు ముసా. చూశావుగా ఆ పెదవులు."

"అదే చెప్పాను. దారిలో పోవచ్చని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. తిరిగి నాకు అప్పజెప్పించుకున్నాను. ఆమెకు అర్థమైంది. దగ్గరి ఆసుపత్రికైతే బండి దిగనంటోంది."

"అసలు సంగతేంటి?"

ముసా తల అడ్డంగా ఊపాడు. "నీకు చెప్పొచ్చా అని అడిగాను సిసి. వద్దంది. నువ్వు బండి నడుపు, నేను వెనక కూర్చుంటాను."

ఆ మాటకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధమెందుకు ఆడాలి? మా బండిలో తెలుగు తెలిసింది నాకొక్కదానికే, నాకే తలుపు మూశారు.

స్టేషనుకి రేడియోలో చెప్పాం. అప్పలసామి గారు వెంటనే "దగ్గరాసుపత్రికే" అన్నారు. రూలు అదే మరి. మళ్లీ ఆయనే "వద్దంటున్నది ఎవరు? రోగా, ఇంటోళ్లా?" అని అడిగారు. రోగి అన్నాం. "తెలివిలో ఉందా?" ఉంది అన్నాం. "ఎల్లండి. రేపెవరైనా అడిగితే నా పేరు సెప్పండి" అన్నారు.

అసలు చిక్కు గుమ్మం బయట వచ్చింది. స్ట్రెచర్ ఎక్కించేసరికి వీధి వీధంతా గేట్ల దగ్గర ఉంది. అత్తగారు శాలువా కప్పుకుని వచ్చి బండి తలుపు పట్టుకుంది.

"నాను కమింగ్."

"లేదు పెద్దమ్మా, మీరు రాకూడదు."

"రాకూడదా? నాను దాని అత్తని. జొరమొచ్చిన కాణ్ణించి నీళ్లిచ్చింది నాను. ఏటయినాది దానికి? నీకు తెలుసు, నాకు సెప్పవా?"

"నాకు తెలియదు పెద్దమ్మా."

"అబద్దం. తెలుగు పిల్లవై ఉండి నాకాడ అబద్దమా?"

విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. లోపల కోడలు మాస్కులోంచి నన్నే చూస్తోంది. మొదటిసారి గోడవైపు తిరగలేదు. నేను అత్తగారి వేళ్లు ఒక్కొక్కటే తలుపు మీంచి తీశాను. అందరూ చూస్తుండగా తలుపు వేశాను. బండి కదులుతుంటే ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది. చెరకు తోటల మధ్య రోడ్డు మీద అంత వేగంగా నేనెప్పుడూ నడపలేదు. వెనక నుంచి ముసా గొంతు మాత్రం ఆగకుండా వినబడుతూ ఉంది, ఊపిరి తీసుకో, ఇంకోటి, ఇంకోటి అని. ఆసుపత్రి గుమ్మంలో దింపేటప్పటికి ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి.

తర్వాత

ఆమె బతికింది. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వెళ్లిందని విన్నాను. నా పని మాత్రం గుళ్లో అయిపోయింది. ఇండియా నుంచి వచ్చిన పొగరుబోతు, పెద్దావిడ మొహాన తలుపేసింది అని ఊరంతా పాకింది. ప్రసాదం పెట్టే చోట నా పక్కన కూర్చున్న ఆడవాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లు. జరిగింది ఇదీ అని చెప్పుకోవడానికి లేదు. చెబితే, దాచాల్సింది ఏదో ఉందని చెప్పినట్టే. మా ఆయన "నువ్వేం తప్పు చేయలేదు కదా" అనేవారు. ఆయనకు కూడా పూర్తిగా చెప్పలేదు. ఇది ఈ ఉద్యోగంలో భాగం. జీతంతో పాటు వస్తుంది.

అత్తగారు స్టేషనుకి వచ్చి అప్పలసామి గారి దగ్గర నా మీద ఫిర్యాదు చేసింది. ఆయన అంతా విని పంపించేసి నన్నూ ముసానీ పిలిచారు. తిడతారనుకున్నాను. ముసాని మాత్రం ఒక ప్రశ్న అడిగారు: "ఆ పిల్ల నీకెందుకు సెప్పింది, దీనికెందుకు సెప్పలేదు?"

"నేను వాళ్లకేమీ కాను కదా సార్" అన్నాడు ముసా.

అప్పలసామి గారు కిటికీలోంచి బయట నిలబెట్టిన బళ్లకేసి చూశారు. "మనోళ్లింటికి మనోళ్లు అన్నాను. ఆ పాత గవుర్నమెంటోళ్లు కూడా అదే అనేవోళ్లు" అన్నారు. అది వేరు, మీరు మంచికే చేశారు అన్నాను. "మంచికే సేసినాను. ఆ పిల్ల సచ్చిపోయేది" అన్నారు. మర్నాటి నుంచి జతలు మార్చేశారు. ప్రతి బండిలోనూ ఆ ఇంటికి ఏమీ కాని మనిషి ఒకరుండాలి. భాష తెలిసినవాళ్లు గుమ్మం దగ్గర ఉండి పిలిస్తేనే లోపలికి వెళ్లాలి. రూలు పుస్తకంలో ఎక్కడా లేదది. నాకు తెలిసినంతలో ఆయన చేసిన మంచి పనుల్లో అదొకటి. తప్పు ఒప్పుకోవడానికి ఆయన ఒక్క రోజు కూడా తీసుకోలేదు. ఆ తర్వాత చదువుకున్న అధికారులు చాలామంది వచ్చారు, అలాంటివాళ్లు తక్కువ.

మా పనిలో ఇంకో పద్ధతి ఉంది. బయట రోగి కనబడితే మనం ముందు పలకరించకూడదు. ఎక్కడ పరిచయం అని పక్కవాళ్లు అడుగుతారు. వాళ్లు పలకరిస్తే పలకాలి, లేకపోతే రాయిలా వెళ్లిపోవాలి.

కొన్నేళ్ల తర్వాత డర్బన్‌లో ఇండియన్లు ఎక్కువగా ఉండే చాట్స్‌వర్త్‌లో ఓ మసాలా దినుసుల కొట్లో ధనియాలు కొంటుంటే ఆమె కనబడింది. ఒళ్లు చేసింది. పక్కన పొడుగ్గా ఎదిగిన కొడుకు. కొంచెం వెనగ్గా అత్తగారు. నేను మొహం తిప్పుకుని ధనియాల్లోకి చూస్తూ నిలబడ్డాను. ముంజేతి మీద ఓ ముసలి చెయ్యి పడింది.

"నువ్వే కదూ నా మొగం మీద తలుపేసినావు" అంది అత్తగారు.

"నేనే పెద్దమ్మా."

కోడలు కౌంటర్ దగ్గర నుంచి మమ్మల్ని చూసింది. చూసి, అడ్డం రాకుండా అక్కడే ఆగింది. అత్తగారు చెయ్యి వదల్లేదు. తిడుతుందనుకుని సిద్ధంగా నిలబడ్డాను.

"ఆ రోజు నువ్వు సెప్పుంటే, మనవణ్ణి ఉంచుకుని దాన్ని రోడ్డు మీదకి గెంటేద్దును. దేవుడి తోడు, గెంటేద్దును" అంది.

ఆవిడ కోడలి వైపు ఒకసారి చూసింది.

"తరవాత అదే సెప్పింది. నాను జొరమొచ్చి మంచాన పడితే, రాత్రీ పగలూ కాళ్లొత్తింది. ఒత్తుతా ఒత్తుతా సెప్పింది. కాళ్లు దాని సేతుల్లో ఉన్నాయి. అప్పుడెలా గెంటుతాను, నువ్వే సెప్పు."

ఆవిడ నా చెయ్యి వదిలి కోడలి దగ్గరికి వెళ్లింది. కోడలు నాకేసి చూసి చిన్నగా తల ఊపింది. నేనూ ఊపాను. కోడలు ఏం చెప్పిందో ఆవిడ అనలేదు, నేను అడగలేదు. ముసా ఎప్పుడూ చెప్పలేదు. నాకు ఇప్పటికీ తెలియదు.